ఒకే ఇల్లు... మూడు పళ్లేలు!

వాళ్ల చిన్నతనంలో వరన్నమంటే పండగ. సాగర్ నీళ్లొచ్చాక అదే మూడు పూటలా భోజనమైంది. ఇప్పుడు డెబ్భై దాటాక 'మళ్లీ జొన్నరొట్టె తినండి' అంటున్నారు డాక్టర్లు. తీరా చూస్తే నమలడానికి పళ్లు లేవు! వయసుతోపాటు నాలుక, పొట్ట, పళ్లెం ఎలా మారిపోతాయో చూడాలంటే సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడ దాకా ఓసారి వెళ్లిరావాలి.

రాత్రి పన్నెండు దాటింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు సూర్యాపేట దగ్గర ఓ హోటల్ ముందు ఆగింది. 'పావుగంటే... తొందరగా కానీయండి' అంటూ డ్రైవరు దిగిపోయాడు. కునికిపాట్లు పడుతున్నవాళ్లంతా ఒళ్లు విరుచుకుంటూ కిందికి దిగారు.

పాతికేళ్ల కుర్రాడు చికెన్ బిరియానీ చెప్పాడు. పక్కన గిన్నెడు సాలన్, ఆపైన చల్లటి కూల్‌డ్రింకు. యాభై ఏళ్ల తండ్రి ఆ పళ్లెం వంక ఓసారి ఆశగా చూసి రెండిడ్లీలతో సరిపెట్టుకున్నాడు. చివర్లో జేబులోంచి గ్యాస్ మాత్ర తీశాడు. నాయనమ్మ అసలు బస్సే దిగలేదు. సంచీలోంచి స్టీలు డబ్బా తీసి, మెత్తగా కలిపిన పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, మూత పెట్టేసింది. కిటికీలోంచి మనవడు 'ఒక్క ముద్ద తిను నాయనమ్మా' అంటే 'వద్దు బిడ్డా... తెల్లారేదాకా గుండెల్ల మంటే' అని నవ్వేసింది.

ఈ దారిలో ఏ రాత్రి చూసినా కనిపించే దృశ్యమే ఇది. ముగ్గురిదీ ఒకే వంటిల్లు. కానీ మూడు నాలుకలు, మూడు పొట్టలు, మూడు పళ్లేలు! మనవడు నమ్మడు గానీ, అతని వయసులో ఆ నాయనమ్మ కూడా ఎర్రగా కారం దట్టించిన యాటకూర కంటనీరు పెట్టుకోకుండా తిన్న మనిషే.

గట్టు మీద రెండు నైవేద్యాలు

హైదరాబాద్‌కు, విజయవాడకు దాదాపు సమాన దూరంలో ఉంటుంది సూర్యాపేట. అటూ ఇటూ 135 కిలోమీటర్ల లెక్క. ఒకప్పటి పేరు భానుపురి. ఊరి మీదుగా వెళ్లే తొమ్మిదో నంబరు జాతీయ రహదారి 2010లో జరిగిన మార్పుల్లో 65వ నంబరు రహదారి అయింది. నల్గొండ జిల్లాలో ఉన్న ఊరు 2016 అక్టోబరు 11న తానే ఓ జిల్లా కేంద్రమైంది. ఇన్ని మారినా ప్రయాణికులు ఆగి కడుపు నింపుకునే మజిలీగా దాని పేరు మాత్రం మారలేదు.

ఊరు దాటి కోదాడ వైపు కొద్ది దూరం వెళ్లగానే దురాజ్‌పల్లి. రోడ్డు పక్కనే పెద్దగట్టు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఇక్కడ లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో అంత పెద్ద జాతరగా దీనికి పేరు. గొల్లకురుమలే కాదు, అన్ని కులాల వాళ్లూ లక్షలాదిగా వస్తారు. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు.

ఈ గట్టు మీద ఓ విశేషముంది. లింగమంతుల స్వామికి పెట్టేది శాకాహార నైవేద్యం. పక్కనే ఉన్న చౌడమ్మ తల్లికి పొట్టేళ్లు. ఒకే గట్టు మీద ఎవరి తిండి వారిది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. మన ఇళ్లలోనే ఆ సర్దుబాటు కాస్త కష్టమవుతోంది!

జాతరలో గుట్ట కింద పొయ్యిలు వెలిగితే పడుచువాళ్ల హుషారు చూడాలి. కారం ఎంత ఎక్కువైతే అంత గొప్ప. రాళ్లు తిన్నా అరిగించుకునే వయసు మరి! పెద్దవాళ్లు మాత్రం ముక్క పక్కకు తీసి, పులుసులో నాలుగు మెతుకులు కలుపుకొంటారు. భక్తి తగ్గి కాదు, పొట్ట వినక.

నిజానికి కారం తినడం ఎవరికీ పుట్టుకతో రాదు. మిరప మన దేశపు పంట కూడా కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో పదహారో శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు మనవాళ్లకు కారమంటే మిరియాలే. ఇంట్లో పసిబిడ్డకు ముందు పప్పు, నెయ్యి కలిపిన ముద్ద పెడతాం. ఆ తర్వాత చారన్నం. నాలుగైదేళ్లు వచ్చేసరికి పెద్దల పళ్లెంలోని పచ్చడి వేలితో అద్దుకుని, 'హా' అంటూ నీళ్లు తాగి, మళ్లీ అద్దుకుంటాడు. అలా ఇల్లే నేర్పుతుంది. కాకరకాయ సంగతీ అంతే. పిల్లల నాలుకకు చేదు గట్టిగా తగులుతుంది. ఒకసారి వద్దన్నారని వదిలేయకుండా ఎనిమిది, పదిసార్లు కొద్దికొద్దిగా రుచి చూపిస్తే చాలామంది అలవాటు పడతారు.

మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం నిజానికి రుచి కాదు, మంట. వేడి తగిలితే ఏ నాడులు 'కాలింది' అని మెదడుకు చెబుతాయో అవే నాడులను అది తట్టి లేపుతుంది. ఆ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. రోజూ తింటూ ఉంటే ఆ నాడులు మొద్దుబారతాయి. అందుకే తెలుగువాళ్లు ఇష్టంగా తినే పచ్చడి కొత్తవాళ్లకు కన్నీళ్లు తెప్పిస్తుంది.

నోరు అలవాటు పడుతుంది సరే, పొట్ట? అన్నవాహిక చివర ఓ కండర కవాటం ఉంటుంది. పొట్టలోని ఆమ్లం పైకి రాకుండా ఆపేది అదే. వయసు పెరిగేకొద్దీ అది వదులవడం, పొట్ట ఖాళీ కావడానికి ఎక్కువ సేపు పట్టడం, నొప్పులకు వాడే మాత్రలు పొట్ట లోపలి పొరను రేపడం... ఇవన్నీ కలిసి ఒకనాటి ఇష్టమైన కూరను శత్రువుగా మారుస్తాయి. బస్సులో నాయనమ్మ చెప్పిన గుండెల్లో మంట కథ ఇదే. అయితే మొదటిసారి వచ్చిన గుండెనొప్పిని, చెమటలు పట్టి ఆయాసంతో వచ్చే మంటను మాత్రం 'గ్యాసే'నని తేల్చేసుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

'ఉప్పెయ్యలేదా కోడలా?'

సూర్యాపేట సందుల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు నడిస్తే ఏదో ఒక ఇంట్లో ఈ మాట వినపడకపోదు. కూర సరిగ్గానే ఉంటుంది. కొడుకు లొట్టలేసుకుంటూ తింటాడు. అత్తమ్మకు మాత్రం చప్పగా తోస్తుంది. ఆమె పచ్చడి జాడీ దగ్గరకు లాక్కుంటుంది. బీపీ ఉందని కోడలు జాడీ దాచేస్తుంది. అక్కడ మొదలవుతుంది గొడవ. 'నా ఇంట్ల నాకే తొక్కు లేదా' అని ఆమె, 'మీ మంచికే కదా అత్తమ్మా' అని ఈమె.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి వాసన. జలుబు చేస్తే బిరియానీ కూడా మట్టిలా ఉంటుంది కదా. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1984లో 'సైన్స్' పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. వాళ్లు పరీక్షించిన వారిలో 65 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లలో సగానికి పైగా, 80 దాటినవాళ్లలో మూడొంతులకు పైగా వాసన పట్టే శక్తి బాగా తగ్గిపోయిందని తేలింది. దానికితోడు లాలాజలం తగ్గుతుంది. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, అలర్జీ మాత్రల్లో కొన్ని నోటిని ఇంకా ఎండగడతాయి. కట్టుడు పళ్లుంటే అంగిలి కప్పుకుపోతుంది. ఇన్ని అడ్డాలు దాటి వచ్చిన రుచి ఇక ఎంతని తెలుస్తుంది?

ఇక్కడే ఉంది అసలు చిక్కు. నాలుక 'ఇంకాస్త ఉప్పు, ఇంకాస్త కారం' అంటుంది. గుండె, కిడ్నీలు, పొట్ట 'వద్దు వద్దు' అంటాయి. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులన్నమాట! రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించి ఉప్పు వద్దంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నాలుగు బద్దలు ఊరగాయ వేసుకుంటే అందులో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది.

మరి దారేంటి? ఉప్పుకు బదులు వాసన పెంచడం. అప్పటికప్పుడు దంచిన ధనియాలు, వేయించిన జీలకర్ర, వెల్లుల్లి పోపు, కరివేపాకు, కొత్తిమీర, దించాక పిండిన నిమ్మరసం... ఇవి ముక్కును తట్టి లేపుతాయి. పచ్చిపులుసులో ఉల్లిపాయ, కొత్తిమీర పెంచి ఉప్పు తగ్గిస్తే తేడా తెలియదు. మార్కెట్లో 'తక్కువ సోడియం ఉప్పు' దొరుకుతోంది కదా అని దానికి మారిపోవడం మాత్రం డాక్టర్ని అడగకుండా చేయకూడదు. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకు అది ప్రమాదం.

పని తగ్గింది... పళ్లెం తగ్గలేదు

సూర్యాపేట నుంచి కోదాడ నలభై అయిదు కిలోమీటర్లు. దారి పొడవునా దాబాలు, టీ బండ్లు. కోదాడ చేరేసరికి మాట తీరు మారుతుంది, కూర తీరూ మారుతుంది. ఇంకాస్త ముందుకెళితే ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట. సాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. దాంతో ఒక ఇంట్లో 'పుంటికూర' అన్నది పక్కింట్లో 'గోంగూర'. పచ్చిపులుసూ ఉంటుంది, ఉలవచారూ ఉంటుంది.

ఇక్కడ చూడాల్సింది రెండో పళ్లెం... నడివయసు వాళ్లది. వాళ్లకు అన్నీ అరుగుతాయి. ఏదీ సయించకపోవడమంటూ ఉండదు. చిక్కల్లా కొలతతోనే. పాతికేళ్ల కిందట నాట్ల నుంచి కోతల దాకా పొలంలో ఒళ్లు వంచి పనిచేసిన మనిషి పెద్ద పళ్లెం నిండా అన్నం తిన్నా సాయంత్రానికి ఖర్చయిపోయేది. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు, కోతకు మిషను. పొలం గట్టుకు కూడా మోటార్ సైకిలే. పని సగానికి సగం తగ్గింది. పళ్లెం మాత్రం అదే!

పైగా ముప్ఫై దాటాక కండ పదేళ్లకోసారి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల దాకా కరుగుతూ వస్తుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది ఆ కండే. అది తగ్గితే మిగిలిన చక్కెర రక్తంలో తిరుగుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉందని అది తేల్చింది. అంటే ప్రతి వందమంది పెద్దల్లో పదకొండు మందికి పైగా.

అందుకే నలభై దాటినవాళ్లు చేయాల్సిన మొదటి పని తిండి మానేయడం కాదు, పళ్లెంలో వాటాలు మార్చడం. సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, మాంసం వంటివి. మిగతా పావే అన్నమైనా రొట్టె అయినా. మన అలవాటు దీనికి తలకిందులు. ముప్పావు పళ్లెం అన్నం, ఓ మూల కూర, మరో మూల పచ్చడి. యాభైలో ఈ వాటా మార్చుకున్నవాళ్లకు డెబ్భైలో కష్టాలు తగ్గుతాయి.

నీళ్లు తెచ్చిన తెల్లన్నం

కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో వచ్చేది హుజూర్‌నగర్. రోడ్డుకు అటూ ఇటూ కనుచూపు మేర వరి. ఈ పచ్చదనం ఇక్కడ పుట్టింది కాదు, తెచ్చుకున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు నెహ్రూ పేరు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ ఎడమ కాలువే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం వైపు సాగుతుంది.

అంతకుముందు చెరువు కింద నాలుగు మళ్లు ఉన్నవాళ్లకే వరి. మిగతా నేలంతా జొన్న, సజ్జ, ఆముదం. పొద్దున అంబలి, పగలు జొన్నగటక, రాత్రి రొట్టె. నంజుకోవడానికి చింతకాయ తొక్కు. వరన్నం వండితే ఆ రోజు పండగో, చుట్టాలు వచ్చిన రోజో! జ్వరం వస్తే తెల్లన్నం పెడతారని పిల్లలు జ్వరం రావాలని కోరుకున్న కాలమది. ఇప్పుడు అరవై అయిదు, డెబ్భై ఏళ్లు దాటినవాళ్లే ఆనాటి పిల్లలు.

తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 'బీపీటీ 5204' సన్నరకం వచ్చి తెలుగువాళ్ల నాలుకను పట్టేసుకుంది. దొడ్డు బియ్యం పేదరికానికి, సన్నబియ్యం మర్యాదకు గుర్తయ్యాయి. 2025 ఉగాది రోజున, అంటే మార్చి 30న, రేషన్ కార్డుదారులకు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం ఇదే హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టింది. పండక్కి మాత్రమే తెల్లన్నం చూసిన తరం, తమ కళ్లముందే ప్రతి ఇంటికీ సన్నన్నం రావడం చూసింది. ఒక్క జీవితకాలంలో ఇంత మార్పు చూసిన నాలుకలు ఎన్ని ఉంటాయి?

మళ్లీ గటకేనా?

మిర్యాలగూడ పొలిమేరల్లోకి రాగానే ముందు ముక్కుకే తెలుస్తుంది... ఉడికిన వడ్ల వాసన. ఎటు చూసినా రైస్ మిల్లులు, ఊక కుప్పలు, ధాన్యం లారీలు. దేశంలోని పెద్ద మిల్లుల కేంద్రాల్లో ఇదొకటి. క్వింటా వడ్లు ఆడిస్తే వచ్చే బియ్యం దాదాపు 67 కిలోలు. మిగిలింది ఊక, తవుడు, నూకలు. ఎంత పాలిష్ పట్టిస్తే బియ్యం అంత తెల్లగా మెరుస్తాయి. పీచు, బి విటమిన్లు ఉన్న తవుడు మాత్రం పక్కకు పోతుంది.

ఇక్కడో తమాషా ఉంది. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే వచ్చేవి ఉప్పుడు బియ్యం. ఆవిరి పట్టినప్పుడు పైపొరలోని విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి. ఈ బియ్యం తిన్నాక చక్కెర కూడా కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. కానీ మనకు ఆ వాసన, ఆ రంగు నచ్చవు. వాటిని ఇష్టంగా తినేది కేరళవాళ్లు. ఇక్కడి మిల్లుల్లో తయారై అక్కడికి వెళ్తాయి. మనం తెల్లటివి ఉంచుకుంటాం!

ఇప్పుడు ఈ ఊళ్లలో ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా షుగరు ఉన్నవాళ్లకు వినపడే మాట 'అన్నం తగ్గించండి, జొన్నరొట్టె తినండి' అని. సాయంత్రమైతే బజార్లో రొట్టెలు కాల్చే ఆడవాళ్ల పొయ్యిల ముందు మోటార్ సైకిళ్లు బారులు తీరుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక జొన్నకు, సజ్జకు మర్యాద ఇంకా పెరిగింది. కొడుకు సంబరంగా రొట్టెలు కొనుక్కుని ఇంటికి వస్తాడు. 'నాయనా, నీ చిన్ననాటి రొట్టె' అని పళ్లెంలో పెడతాడు. పెద్దాయన మొహం మాడ్చుకుంటాడు.

ఎందుకో చాలామందికి అర్థం కాదు. కొడుక్కి జొన్నరొట్టె ఆరోగ్యం. తండ్రికి అది ఆకలి రోజుల జ్ఞాపకం. 'ఆ గటక తాగీ తాగీ మిమ్మల్ని బియ్యం తినేటోళ్లను చేస్తిమి. మళ్లీ నాకు గటకేనా?' అనే బాధ అందులో ఉంటుంది. పెద్దవాళ్ల నాలుక మారడమంటే రుచి మొగ్గలు తగ్గడమొక్కటే కాదు. ఆ నాలుక మీద ఒక జీవితం ఉంటుంది. దాన్ని 'మొండితనం' అని కొట్టిపారేస్తే అన్నం పళ్లెం దగ్గరే మనసు విరుగుతుంది.

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది... పళ్లు. దవడ పళ్లు పోయాక జొన్నరొట్టె నమలడం ఎవరి తరం? చెప్పుకోవడానికి నామోషీపడి 'నాకు సయించదు' అనేస్తారు. అలాంటివాళ్లకు రొట్టె కాదు, అదే జొన్నతో పలుచటి జావ, మెత్తటి గటక, పప్పులో నానిన రొట్టె తునకలు పెట్టి చూడాలి. అయితే జొన్న కూడా మందేం కాదు. అదీ పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి మేలు. మెత్తగా జావ చేసుకుని గిన్నెలకు గిన్నెలు తాగితే చక్కెర పెరుగుతుంది. అన్నమే కావాలనే పెద్దాయనకు గుప్పెడన్నం పెట్టి, దానికి రెట్టింపు పప్పు, కూర పెడితే ఆయన మాటా చెల్లుతుంది, డాక్టరు మాటా చెల్లుతుంది. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు రూపొందించిన 'తెలంగాణ సోనా' రకం బియ్యంతో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుందంటారు. అయినా కొలత మర్చిపోకూడదు.

పాలు పడవు... పెరుగు పడుతుంది!

'రాత్రి గ్లాసుడు పాలు తాగి పడుకో' అని పెద్దవాళ్లకు చెప్పని ఇల్లుండదు. తాగాక కడుపుబ్బరం, గడబిడ. పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించడానికి లాక్టేజ్ అనే ఎంజైము కావాలి. పసితనంలో అది పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. ప్రపంచంలో మూడింట రెండొంతుల మంది పెద్దల పరిస్థితి ఇదే. ఉత్తరాది కంటే మన దక్షిణాదిలో ఇది ఎక్కువ. అదేం జబ్బు కాదు. తోడేసినప్పుడు ఆ లాక్టోజ్‌లో కొంత పులిసిపోతుంది కాబట్టి పెరుగు, మజ్జిగ చాలామందికి బాగానే పడతాయి. పల్లెల్లో పెద్దవాళ్లు పాలు పక్కనపెట్టి 'సల్ల' తాగడం వెనుక ఉన్నది ఈ అనుభవమే.

ఆ సల్లకు ఇంకో పనీ ఉంది. వయసు పెరిగితే ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం వేయదు. సూర్యాపేట, నల్గొండ జిల్లాల ఎండలు తెలియనివి కావు. మే నెలలో 45 డిగ్రీలదాకా పోతుంటాయి. దాహమేసినప్పుడు తాగుదామనుకుంటే పెద్దవాళ్లు రోజంతా తాగరు. గడియారం చూసి గంటకో, రెండు గంటలకో గ్లాసు చేతికివ్వాలి. గుండె, కిడ్నీ జబ్బులుండి నీళ్లు తగ్గించమన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఇద్దరికోసం ఏం వండుతాంలే...

ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల్లో పెద్ద పెద్ద ఇళ్లు కనిపిస్తాయి. లోపల ఇద్దరే మనుషులు. కొన్ని ఇళ్లలో ఒక్కరే. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో. వీడియో కాల్‌లో 'తిన్నావా అమ్మా' అని అడుగుతారు. 'తిన్న బిడ్డా' అంటుంది. ఏం తిన్నదో ఎవరూ అడగరు. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం, తొక్కు. రాత్రి మళ్లీ టీ. 'ఇద్దరికోసం ఏం వండుతాంలే' అన్న మాటతో కూర మాయమవుతుంది. పప్పు వారానికోసారవుతుంది. గుడ్డు, ముక్క నమలలేమని మానేస్తారు.

'వయసు మీద పడితే తిండి తగ్గుతుందిలే' అని సరిపెట్టుకోవడమే ఇక్కడ ప్రమాదం. వయసుతో శక్తి అవసరం తగ్గే మాట నిజమే. మాంసకృత్తుల అవసరం మాత్రం తగ్గదు, కాస్త పెరుగుతుంది. మామూలు పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన పోషకాహార నిపుణుల లెక్క. అరవై అయిదు దాటినవాళ్లకు ఒకటి నుంచి 1.2 గ్రాములు మంచిదని అంతర్జాతీయ నిపుణుల సూచన. అంటే అరవై కిలోల మనిషికి రోజుకు అరవై, డెబ్భై గ్రాములు. పెరుగన్నం, తొక్కుతో అందులో సగం కూడా రాదు. కండ కరిగి, కాళ్లు వణికి, స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగాక అందరూ పరుగెత్తుకొస్తారు. అది ఆ రోజు జరిగిన ప్రమాదం కాదు, రెండు మూడేళ్లుగా పళ్లెంలో జరుగుతున్నది!

వయసు మళ్లినవాళ్లలో కొందరి పొట్ట బి12 విటమిన్‌ను తిండి నుంచి సరిగ్గా తీసుకోలేదు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, శాకాహారుల్లో ఈ లోపం ఎక్కువ. తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం ఉంటే 'ముసలితనం' అనుకోకుండా ఓసారి రక్తపరీక్ష చేయించాలి. ఆరునెలలు, ఏడాదిలో కావాలని తగ్గించకుండానే బరువు నూటికి అయిదు వంతులు తగ్గితే, అంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, డాక్టరుకు చూపించాలి. ఇంట్లో బరువు తూచే యంత్రం ఉండి, నెలకోసారి ఎక్కిస్తే చాలు.

పోపు పెట్టేముందు...

మరి మూడు పళ్లేలకు మూడు వంటలు చేయాలా? అక్కర్లేదు. ఈ ప్రాంతపు ఇల్లాళ్లు చాలామంది ఎప్పటి నుంచో చేస్తున్న పనే సరిపోతుంది. పప్పు ఉడికాక కారం వేసేముందే ఓ గిన్నెడు తీసి పక్కన పెడతారు. అందులో సొరకాయో, బీరకాయో మెత్తగా ఉడికించి, వెల్లుల్లి, జీలకర్ర పోపు వేస్తారు. అది పెద్దవాళ్లకు. మిగిలినదాంట్లో కారం, ఉప్పు. అది పడుచువాళ్లకు. కోడికూరైతే ముక్కలు ఇంకాస్త ఉడికించి, ఎముకలు తీసి, పీచులు విడదీసి అన్నంలో కలుపుతారు. గుడ్డును ఉడకబెట్టే బదులు మెత్తటి పొరటు చేస్తారు. వేరుశనగలు నమలలేకపోతే పొడి చేసి పెడతారు. రాత్రి భోజనం ఎనిమిదిలోపే ముగిస్తే గుండెల్లో మంట సగం తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం పప్పు, మాంసం ఎంతన్నది డాక్టర్ని అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది పక్కన కూర్చోవడం. ఒంటరిగా తిన్న ముద్దకు రుచి ఉండదు. పిల్లాపాపలతో కూర్చుంటే పెద్దవాళ్లు తెలియకుండానే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. పిల్లలూ కాకరకాయ కూర అంటే ఏమిటో అక్కడే నేర్చుకుంటారు.

బస్సు హారన్ మోగింది. కుర్రాడు చేయి కడుక్కుని పైకెక్కాడు. ఖాళీ చేతులతో కాదు... ఓ చిన్న ప్లేట్లో బిరియానీలోంచి తీసిన మెత్తటి ముక్క, మసాలా దులిపేసి, మీద కాస్త పెరుగు వేసి తెచ్చాడు. నాయనమ్మ వద్దనబోయి ఆగింది. వేలితో కొంచెం తుంచి నోట్లో పెట్టుకుంది. బస్సు కదిలి, పెద్దగట్టు మలుపు దాటేదాకా నెమ్మదిగా నములుతూనే ఉంది. 'ఎట్లున్నది?' అన్నాడు మనవడు.

'ఉప్పు తక్కువైంది' అంది నాయనమ్మ!